ఇన్‌వాయిస్‌లో ఒక ధర, అమెరికా లెక్కల్లో మరో ధర: మరిదిని అనుమానించాలా?

గుంటూరుకు దగ్గరలోని ఒక ఊరి నుంచి ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు కాబట్టి సారాంశం మాత్రమే ఇస్తున్నాను. ఆమె భర్త, మరిది కలిసి పెట్టిన కారం మిల్లు అది. కొన్నేళ్ల కిందట భర్త చనిపోయాక మిల్లు వ్యవహారమంతా మరిదే చూసుకుంటున్నారు. ఏటా ఆమె వాటా కింద కొంత సొమ్ము ఇస్తున్నారు, పిల్లల చదువులకు లోటు రానివ్వలేదు. మిల్లులో పట్టిన కారంలో సగానికి పైగా ఇరవై ఐదు కిలోల సంచుల్లో అమెరికాకు వెళుతుంది. అక్కడ కొనుగోలుదారు బయటివాడు కాదు, న్యూజెర్సీలో కిరాణా సరుకుల పంపిణీ చేసే తోడికోడలి తమ్ముడు. అమెరికాలోనే ఎం.ఎస్. చదువుతున్న ఆమె పెద్దకొడుకు ఈమధ్య ఆ దేశపు దిగుమతి లెక్కలు తిరగేసి, భారత్ నుంచి వచ్చే మిరప పొడి సగటున కిలో 3.30 డాలర్లు పలుకుతుంటే మన ఇన్‌వాయిస్‌లో 2.40 డాలర్లే ఎందుకుందని అడిగాడు. దుకాణంలో 400 గ్రాముల ప్యాకెట్ 5.99 డాలర్లకు అమ్ముతున్న ఫొటో కూడా పంపాడు. "బాబాయి, ఆయన బావమరిది కలిసి తేడాను అక్కడే పంచుకుంటున్నారు, వాటా తీసుకుని బయటికి వచ్చెయ్యమ్మా" అన్నది అతని మాట. "మరిదిని అనుమానించడానికి మనసొప్పదు, కొడుకు చూపిన లెక్కను కాదనలేను. అడిగితే కుటుంబం రెండవుతుంది, అడగకపోతే పిల్లలకు అన్యాయం చేసినదాన్నవుతాను" అని రాశారు. భర్త పోయాక భాగస్వామ్య పత్రం తిరగరాశారని, తాను సంతకాలు చేసినా అందులో ఏముందో చదవలేదని ఉత్తరం చివర ఒక్క వాక్యంలో ప్రస్తావించారు.

అమ్మా, ఆ చివరి వాక్యమే నా దృష్టిలో మీ ఉత్తరంలోకెల్లా ముఖ్యమైనది. దాని దగ్గరికి వస్తాను. ముందుగా మీ అబ్బాయి చూపిన అంకెలను విడదీసి చూద్దాం. అతను చూపిన మూడు ధరలూ నిజమైనవే కావచ్చు, కానీ ఆ మూడూ ఒకే సరుకును ఒకే చోట నిలబెట్టి కొలిచినవి కావు.

దుకాణం ధరను పక్కన పెట్టేయవచ్చు. 400 గ్రాములకు 5.99 డాలర్లంటే కిలోకు పదిహేను డాలర్లు. అందులో చిన్న ప్యాకెట్ కట్టిన ఖర్చు, లేబుల్, గిడ్డంగి అద్దె, పంపిణీదారు లాభం, దుకాణదారు లాభం, అమెరికా కూలి రేట్లు అన్నీ ఉన్నాయి. మిల్లు దగ్గరి ధరకు, అక్కడి అల్మారాలో ధరకు మధ్య ఆరేడు రెట్ల తేడా ఉండటం ఈ వ్యాపారంలో వింత కాదు. ఆ ఫొటో ఏ మోసానికీ సాక్ష్యం కాదు.

3.30 డాలర్ల సంగతి అంత తేలికగా తీసిపారేయలేం. ఎగుమతి చేసే దేశం సరుకును ఓడకెక్కించే వరకు అయిన విలువను రాసుకుంటుంది. దాన్నే మన వ్యాపారులు ఎఫ్.ఓ.బి. ధర అంటారు. దిగుమతి చేసుకునే దేశాలు చాలావరకు ఓడ కిరాయి, బీమా కలిపిన సి.ఐ.ఎఫ్. ధరను రాసుకుంటాయి. అందువల్ల ఒకే కంటైనర్ ఇక్కడ ఒక ధరకు బయలుదేరి అక్కడ మరో ధరకు దిగినట్టు కనిపించడం సహజం. అయితే అమెరికా పద్ధతి కొంత వేరు. ఆ దేశపు లెక్కల్లో కిరాయి, బీమా, సుంకం కలపని కస్టమ్స్ విలువ ఒక వరుసలో, కిరాయి, బీమా కలిపిన విలువ మరో వరుసలో ఉంటాయి. మీ అబ్బాయి ఏ వరుస చూశాడో అడగండి. అతను చూసింది రెండోదైతే తేడాలో కొంత భాగం కిరాయి కిందకు పోతుంది. మొదటిదైతే కిరాయి సాకు చెల్లదు, కారణం మరోచోట వెతకాలి. మీ మరిదిని వెనకేసుకొచ్చేవారెవరైనా "కిరాయి వల్ల అంతే" అని ఒక్క మాటతో తేల్చేస్తే, ఈ ప్రశ్న తప్పకుండా వేయండి.

ఇక ఆ సగటులో ఏమేం కలిశాయో చూడాలి. ప్రపంచమంతటా వాడే కస్టమ్స్ వర్గీకరణలో ఎండు మిరపకాయకు 0904 21, పొడిచేసిన లేదా నలగగొట్టిన మిరపకు 0904 22 అనే అంకెలుంటాయి. ఆ రెండో అంకె కింద మీ మిల్లు కారం ఒక్కటే ఉండదు. ఘాటు తక్కువగా, రంగు ఎక్కువగా ఉండే బ్యాడిగి పొడి, సేంద్రియ సాగు పొడి, ఆవిరితో సూక్ష్మజీవులను చంపి పరీక్షా పత్రాలతో పంపిన పొడి, నేరుగా దుకాణానికి వెళ్లే చిన్న ప్యాకెట్లు కూడా అందులోనే పడతాయి. ఇవి సాధారణంగా మామూలు తేజ లేదా 334 రకం కారం సంచి కంటే ఖరీదైనవి. కనుక ఆ అంకె కింద వచ్చే సగటు మీ సరుకు ధరకు అద్దం పట్టదు.

కాలం సంగతి కూడా ఉంది. మిర్చి ధర ఏడాది తిరిగేసరికి ఎంత మారుతుందో గుంటూరులో పుట్టి పెరిగిన మీకు నేను చెప్పనక్కరలేదు. 2023లో క్వింటాలు ఇరవై వేలు దాటి పలికిన కాయ 2025 ఆరంభానికి ఎంతగా పడిపోయిందంటే, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద ఆంధ్రప్రదేశ్ మిర్చికి క్వింటాలుకు రూ.11,781 ధర ప్రకటించవలసి వచ్చింది. 2023-24లో మన దేశం నుంచి సుమారు ఆరు లక్షల టన్నుల మిర్చి, మిర్చి ఉత్పత్తులు దాదాపు రూ.12,500 కోట్లకు ఎగుమతయ్యాయి. అంటే కాయా పొడీ కలిపి సగటున కిలో రూ.208 పడింది. మరుసటి ఏడాది పరిమాణం ఏడు లక్షల టన్నులు దాటినా మొత్తం విలువ తగ్గింది. సరుకు ఎక్కువ వెళ్లి డబ్బు తక్కువ వచ్చిన సంవత్సరం అది. మీ అబ్బాయి చూసిన దిగుమతి లెక్క ఏ నెలది, మీ ఇన్‌వాయిస్ ఏ నెలది? గుంటూరు నుంచి బయలుదేరిన సరుకు న్యూజెర్సీ చేరడానికి నెల దాటుతుంది, ఒప్పందం అంతకుముందే కుదిరి ఉంటుంది. ధర పడిపోతున్న కాలంలో పాత సగటును కొత్త ఇన్‌వాయిస్ పక్కన పెడితే ఎవరైనా దొంగలాగే కనిపిస్తారు.

నాణ్యత దగ్గర ఇంకొంచెం ఆగాలి, ఎందుకంటే కారం ధరలో అసలు తేడా ఇక్కడే పుడుతుంది. 2003లో మన దేశపు కారంలో సూడాన్ అనే నిషిద్ధ రంగు ఫ్రాన్స్‌లో బయటపడ్డాక ఐరోపా తలుపులు బిగుసుకున్నాయి, కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన స్పైసెస్ బోర్డు ఎగుమతి కారానికి సూడాన్ రంగులు, అఫ్లాటాక్సిన్ (బూజు నుంచి పుట్టే విషం) పరీక్షలను తప్పనిసరి చేసింది. 2024 ఏప్రిల్‌లో పేరున్న భారతీయ కంపెనీల మసాలాల్లో క్రిములను చంపడానికి వాడే ఇథిలీన్ ఆక్సైడ్ అనే రసాయనం ఉందని హాంకాంగ్, సింగపూర్ అభ్యంతరం చెప్పాక, ఆ రెండు చోట్లకు వెళ్లే సరుకుకు ఆ పరీక్ష కూడా తప్పనిసరైంది. అఫ్లాటాక్సిన్ విషయంలో అమెరికా కిలోకు 20 మైక్రోగ్రాముల వరకు సహిస్తే ఐరోపా సమాఖ్య మిరపలో 10 దాటనివ్వదు. ప్రతి షరతుకూ ఒక ఖర్చు ఉంది. తాలు కాయలు ఏరి, తొడిమలు తీసి, శుభ్రమైన కళ్లంలో ఆరిన కాయనే పట్టి, ఆవిరి శుద్ధి చేయించి, ఘాటు ఎంత, రంగు విలువ ఎంత అని ప్రయోగశాల పత్రం జతచేసిన కారానికి ఒక ధర. అవేమీ లేకుండా సంచిలో కుట్టి పంపిన కారానికి మరో ధర. మీ మిల్లు పంపేది ఏ రకం? ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. బహుశా మీకు తెలియదు. ఆవిరి శుద్ధి చేసిన పొడిని 2.40 డాలర్లకు ఇస్తున్నారంటే అది తక్కువ ధరే, నేనైతే కారణం అడుగుతాను. మామూలు పొడి అయితే అందులో అనుమానించవలసినది పెద్దగా లేదు.

లెక్క మీరే వేసుకోవచ్చు. మీరు రాసిన ప్రకారం ఆ సరుకుకు కాయను కిలో రూ.140 చొప్పున కొన్నారు. తొడిమ, తాలు, దుమ్ము, ఆరిపోయే తేమ పోగా వంద కిలోల కాయకు 88 కిలోల పొడి వస్తుందనుకుంటే, పొడిలో కాయ ఖర్చే కిలోకు రూ.159 అవుతుంది. కూలి, కరెంటు, సంచి, పరీక్షలు, రేవు దాకా లారీ కిరాయి, క్లియరింగ్ ఏజెంటు రుసుము కలిపి పాతిక రూపాయలు అనుకుందాం. అప్పటికి రూ.184. డాలరు రూ.84 అనుకుంటే 2.40 డాలర్లు రూ.201.60 అవుతాయి. మిగిలింది కిలోకు పదిహేడున్నర రూపాయలు, అందులోంచే పెట్టుబడి మీద వడ్డీ కట్టాలి. ఉదాహరణకు వేసిన ఈ అంకెల స్థానంలో మీ మిల్లు అసలు అంకెలు పెట్టి చూడండి. ఏమైనా, 2.40 అన్నది నమ్మశక్యం కాని ధరగా నాకు కనిపించడం లేదు.

ఇంతమాత్రాన అంతా సవ్యంగా ఉందని నేను అనడం లేదు. మీ అబ్బాయి తప్పు కిటికీలోంచి చూశాడు తప్ప, చూడాలనుకోవడంలో తప్పు లేదు. కొనుగోలుదారు ఇంటి బంధువైనప్పుడు ధర బేరం మీద నిలబడిందా, బంధుత్వం మీద నిలబడిందా అన్న ప్రశ్న ఏ భాగస్వామికైనా రావాలి. దానికి జవాబు అమెరికా సగటులో దొరకదు. మీ మిల్లు కాగితాల్లోనే దొరుకుతుంది.

మొదట చూడవలసినది ఎగుమతి ఎవరి పేరు మీద జరుగుతోందన్నది. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ ఇచ్చే ఐ.ఇ.సి. అనే ఎగుమతి దిగుమతుల గుర్తింపు నంబరు, స్పైసెస్ బోర్డు ఇచ్చే ఎగుమతిదారు నమోదు పత్రం మీ మిల్లు పేరున ఉన్నాయా, లేక మరిది గానీ తోడికోడలు గానీ విడిగా పెట్టిన సంస్థ పేరున ఉన్నాయా? విడి సంస్థ ఉంటే మిల్లు దానికి అమ్మే ధర ఒకటి, అది అమెరికాకు అమ్మే ధర మరొకటి ఉంటాయి, మధ్య మిగులు మీ వాటాలోకి రాదు. అలా లేకపోతే గత రెండు సీజన్లకు షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రం), ఇన్‌వాయిస్, బ్యాంకులో డాలర్లు జమయ్యాక వచ్చే ఇ-బి.ఆర్.సి. పత్రం, ఈ మూడింటినీ సరుకువారీగా పక్కపక్కన పెట్టించండి. ఇన్‌వాయిస్‌లో రాసినంతా వచ్చిందా? "సరుకు రంగు తగ్గింది", "తేమ ఎక్కువుంది" అంటూ దిగాక కోత పెట్టారా? అప్పుడప్పుడు కోతలు మామూలే. ప్రతి సరుకుకూ ఒకే శాతం కోత పడుతుంటే మాత్రం అడగాలి. ఎగుమతి మీద ప్రభుత్వం ఇచ్చే రోడ్‌టెప్ రాయితీ, జి.ఎస్.టి. వాపసు మిల్లు ఖాతాలోకే వచ్చాయో లేదో కూడా చూడండి. చిన్న భాగస్వాములు సాధారణంగా మరచిపోయే సొమ్ము అది.

కొనుగోలు వైపు చూడటం మరవకండి. అమెరికా దాకా ఆలోచిస్తున్న మీ అబ్బాయికి ఇది తట్టి ఉండదు. మిల్లులో సొమ్ము పక్కదారి పట్టాలంటే డాలర్ల కంటే కాయ కొనే మిర్చి యార్డే సులువైన దారి. సీజన్‌లో సొంత పేరున కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టిన టిక్కీలను (మిర్చి బస్తాలను) ధర పెరిగాక మిల్లుకే అమ్మితే, కాగితం మీద అంతా సక్రమంగానే ఉంటుంది, లాభం మాత్రం మిల్లుది కాకుండా పోతుంది. కమీషన్ వ్యాపారి ఇచ్చిన బిల్లుల మీద తేదీ, ధర చూసి ఆనాటి యార్డు ధరతో పోల్చితే ఒక పూటలో తేలిపోయే విషయమిది.

ఇప్పుడు ఆ సంతకాల సంగతి. ఇద్దరే భాగస్వాములున్న సంస్థలో ఒకరు చనిపోతే, మరొకరిని చేర్చుకోకుండా భాగస్వామ్యం కొనసాగదు. కాబట్టి మీరు సంతకం చేసిన పత్రం మిమ్మల్ని భాగస్వామిగా చేర్చినదే కావచ్చు, మీ వాటా వదులుకున్నట్టు రాసినది కూడా కావచ్చు. సంస్థ నమోదై ఉంటే రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర వివరాలు తీసుకోవచ్చు. లేకపోతే ఆడిటరు దగ్గర ప్రతి ఉంటుంది. మీరు భాగస్వామి అయితే 1932 నాటి భాగస్వామ్య చట్టం 12వ సెక్షను ప్రకారం సంస్థ లెక్కల పుస్తకాలు చూడటం, నకళ్లు తీసుకోవడం మీ హక్కు. నిజమైన లెక్కలు, పూర్తి సమాచారం భాగస్వాములకూ వారి వారసులకూ ఇవ్వాలని 9వ సెక్షను చెబుతోంది. సంస్థ లావాదేవీల్లోంచి ఒకరు సొంతంగా గడించిన లాభం సంస్థకు చెందుతుందని 16వ సెక్షను చెబుతోంది. ఒకవేళ మిమ్మల్ని చేర్చుకోకుండానే, మీ భర్త వాటా లెక్క తేల్చకుండానే వ్యాపారం నడుపుతుంటే, ఆ వాటా వాడుకున్నందుకు లాభంలో భాగమో, ఏటా ఆరు శాతం వడ్డీయో కోరే హక్కును 37వ సెక్షను ఇస్తుంది.

హక్కుతో పాటు ప్రమాదం కూడా ఉంది, దాన్ని మీకు చెప్పకపోతే నేను తప్పు చేసినవాడినవుతాను. 25వ సెక్షను ప్రకారం సంస్థ చేసిన ప్రతి పనికీ భాగస్వాములంతా బాధ్యులు. నిజంగానే ఇన్‌వాయిస్‌లో ధర తగ్గించి రాసి తేడాను విదేశంలో ఉంచేసుకుంటుంటే, అది వదినకు చేసిన అన్యాయంతో ఆగదు. ఎగుమతి విలువను పూర్తిగా దేశానికి రప్పించాలన్న విదేశీ మారక ద్రవ్య చట్టాన్ని, కస్టమ్స్ చట్టాన్ని కూడా అది ఉల్లంఘిస్తుంది, నోటీసు వస్తే మీ పేరు మీద కూడా వస్తుంది. "నాకేమీ తెలియదు, ఇస్తే తీసుకున్నాను" అనే మాట మిమ్మల్ని ఎంతవరకు కాపాడుతుందో ముందే చెప్పలేం. అందుకే తెలుసుకోవడం అనుమానించడం కాదు, మీ రక్షణ.

మీ ముందున్న దారుల్లో మొదటిది, మిల్లు ఉన్నట్టే సాగనిచ్చి, ప్రతి సరుకు కాగితాలూ మీకు చేరే ఏర్పాటు చేసుకోవడం. బంధుత్వం దెబ్బతినని దారి ఇదే, కానీ కాగితం చదవడం మీరు నేర్చుకోవాలి, లేదా మీ అబ్బాయికి అప్పగించాలి. అతను దూరం నుంచి అనుమానంతో చదివితే ప్రతి నెలా ఒక తగవు పుడుతుంది. రెండోది, ఇద్దరికీ సమ్మతమైన, ఇంతవరకు మిల్లు లెక్కలు చూడని ఒక చార్టర్డ్ అకౌంటెంట్‌తో గత రెండు మూడేళ్ల ఎగుమతులను పరిశీలింపజేయడం. కొంత ఖర్చవుతుంది, మీ మరిది మొదట నొచ్చుకోవచ్చు. ఆయన నిర్దోషి అయితే మాత్రం ఆయనకు ఇంతకంటే మేలు చేసేది మరొకటి లేదు, ఎందుకంటే రేపు మీ కొడుకు మిల్లులోకి వచ్చినా ఈ మచ్చ వెంటాడదు. నా మొగ్గు దీనివైపే ఉంది.

ధర మీద ఒక సూత్రం రాసుకోవడం కూడా మంచి మార్గమే. ఒప్పందం నాటి యార్డు ధర, దానిపై పొడి దిగుబడి, ఖర్చులు, ఇంత లాభం అని ముందే నిర్ణయించి, బంధువుకైనా బయటివారికైనా అదే వర్తించేలా చేయవచ్చు. వీలైతే సరుకులో కొంత భాగాన్ని సంబంధం లేని మరో కొనుగోలుదారుకు ఇవ్వండి. అతను ఇచ్చే ధరే మీకు అసలైన కొలత అవుతుంది. మీ సంచిలోంచి ఒక నమూనాను గుంటూరులోనే ఉన్న స్పైసెస్ బోర్డు ప్రయోగశాలలో పరీక్ష చేయించుకుంటే, బేరమాడేటప్పుడు మీ చేతిలో ఆధారం ఉంటుంది. అయితే కొత్త కొనుగోలుదారుతో డబ్బు రాని ప్రమాదం ఉంది. ఎగుమతి సొమ్ము రాకపోతే ఆదుకునే ఇ.సి.జి.సి. బీమా గానీ, చెల్లింపుకు బ్యాంకు హామీ ఇచ్చే ఎల్.సి. గానీ లేకుండా అప్పు మీద సరుకు పంపవద్దు. అమెరికా సుంకాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. 2025 ఆగస్టులో మన సరుకుపై యాభై శాతానికి ఎక్కి, నవంబరులో చాలా మసాలా దినుసులకు తొలగిన చరిత్ర కళ్ల ముందే ఉంది. అటువంటి నెలల్లో అక్కడి బంధువు ధర తగ్గించమని అడిగితే అది కుట్ర కాకపోవచ్చు.

మీ అబ్బాయి చెప్పినట్టు వాటా తీసుకుని బయటికి రావడం ఆఖరి దారి. కాదనను, కానీ ఇప్పుడే వస్తే మీ వాటా విలువ కట్టేది ఎవరు? లెక్కలు చూడకుండా వెళితే ఇచ్చినంత తీసుకోవలసి వస్తుంది. మిర్చి ధర దిగువన ఉన్న ఏడాదిలో కోల్డ్ స్టోరేజీ నిల్వకు కట్టే విలువ కూడా తక్కువే ఉంటుంది. విడిపోవాలనే నిర్ణయించుకున్నా, పరిశీలన పూర్తయ్యాకే విడిపోవాలి. అప్పటిదాకా న్యూజెర్సీ బంధువును నిలదీయవద్దని, ఏ అధికారికీ ఫిర్యాదు రాయవద్దని మీ అబ్బాయికి గట్టిగా చెప్పండి. ఆధారం లేని ఫిర్యాదు అన్నిటికంటే ముందు మీ మిల్లు సరుకునే రేవులో ఆపుతుంది. అతను కోపంగా ఉన్నాడు, తండ్రి పెట్టిన మిల్లు చేజారుతుందన్న భయం ఆ కోపంలో ఉంది. ఆ భయానికి మీరు విలువ ఇస్తున్నారని అతనికి తెలియాలి. ఏ వరుస, ఏ నెల, ఏ రకం అని పైన చెప్పిన ప్రశ్నలకు జవాబులు వెతికే పని అతనికే ఇవ్వండి.

మరిదితో మాట్లాడేటప్పుడు కొడుకు చూపిన అంకెలతో మొదలుపెట్టకండి. "ఆయన పోయాక నువ్వు మోసిన బరువు నాకు తెలుసు. కానీ సంతకాలు నావి కూడా ఉన్నాయి, రేపు ఎవరైనా అడిగితే నేను జవాబు చెప్పగలగాలి. పత్రం ఒక ప్రతి, ఈ రెండు సీజన్ల కాగితాలు నాకు చూపించు" అనండి. తోడికోడలు, ఆమె తమ్ముడు లేని సమయంలో, మిల్లులో కాకుండా ఇంట్లో అడగండి. ఆయన వెంటనే ఒప్పుకుంటే సగం జవాబు దొరికినట్టే. గడువు అడిగితే ఇవ్వండి, తేదీ మాత్రం చెప్పించుకోండి. కసురుకుంటే ఆ రోజుకు వదిలేసి, అదే కోరికను కాగితం మీద రాసి ఇచ్చి, ఒక నకలు దగ్గర ఉంచుకోండి.

కొత్త కాయ యార్డుకు పోటెత్తే ఫిబ్రవరి, మార్చి నెలల్లో మిల్లులో ఎవరికీ తీరిక ఉండదు, ఆ ఒత్తిడిలో అడిగిన మాట నిందలాగే వినిపిస్తుంది. పత్రం ప్రతిని మాత్రం ఈ వారంలోనే తెప్పించుకోండి. మార్చి 31తో లెక్కల సంవత్సరం ముగుస్తుంది, మే నెలలో యార్డుకు వేసవి సెలవులు వస్తాయి. అకౌంటెంట్‌ను కూర్చోబెట్టడానికి ఆ సెలవుల కాలం అనువుగా ఉంటుంది. అప్పటికి పత్రంలో ఏముందో తెలిస్తే, మీరు భాగస్వామిగా అడుగుతున్నారో, వారసురాలిగా అడుగుతున్నారో తేలిపోతుంది. రెండింటికీ వేసే అడుగులు వేరు కాబట్టి, పత్రం చేతికొచ్చాక మళ్లీ రాయండి.